పరుగు నేర్చిన విద్యార్థి – ఎలియుడ్ కిప్చోగే

“పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలు” అని మన పెద్దల మాట. పరుగు అనగానే మనకు తొందరపాటు, ఆయాసము, అత్యాశ స్ఫురించును. నిదానమే ప్రధానమని నమ్మినవారు పరుగును సంశయముతో చూచుట సహజమే. అయితే పరుగులలో ఒక పరుగున్నది. అందులో తొందరపడినవాడే ఓడిపోవును. మొదటి పది మైళ్లలో ఉత్సాహము చూపినవాడు చివరి ఆరు మైళ్లలో దానికి మూల్యము చెల్లించును. అదియే 42 కిలోమీటర్ల 195 మీటర్ల మారథాన్ పరుగు. నిదానమును, వేగమును ఒకే దేహములో ఇముడ్చుకొనవలసిన విద్య అది.

ఆ విద్యలో మన కాలమున అగ్రగణ్యుడనిపించుకొన్నవాడు కెన్యా దేశీయుడైన ఎలియుడ్ కిప్చోగే. అతని జీవితము క్రీడాభిమానులకు ఎంత ప్రియమైనదో, పాఠము చెప్పువారికి, నేర్చువారికి అంత ఉపయుక్తమైనది. ఏలయనగా అతని కథ ఒక ఉపాధ్యాయురాలి ఇంట మొదలై, ఒక గురువు నీడలో పెరిగినది.

పాల సైకిలు

కెన్యా పశ్చిమ భాగమున నాండి అను ప్రాంతమున్నది. తేయాకు తోటలతో, పచ్చిక బయళ్లతో నిండిన ఎత్తయిన నేల అది. అక్కడి కప్సిసియ్వా అను పల్లెలో 1984 నవంబరు 5వ తేదీన కిప్చోగే జన్మించినాడు. తండ్రి అతని పసితనముననే గతించినాడు. తండ్రి ముఖమును ఛాయాచిత్రములలో చూచుటయే తప్ప అతడెరుగడు. తల్లి జానెట్ రోటిచ్ శిశుపాఠశాలలో ఉపాధ్యాయిని. ఆమె పెంపకములో పెరిగిన బిడ్డలలో ఇతడు కడగొట్టువాడు.

ఇంటికి, బడికి నడుమ మూడు కిలోమీటర్లకు పైబడిన దూరము. బాలుడు పరుగున పోయి పరుగున వచ్చెడివాడు. ఇందులో విశేషమేమియు లేదు. ఆ ప్రాంతపు పిల్లలు అనేకులు చేయునది అదే. బడి చదువు ముగిసిన పిమ్మట ఇరుగుపొరుగు ఇండ్లలో పాలు సేకరించి, సైకిలుపై కప్సబెట్ పట్టణమునకు కొనిపోయి అమ్మినాడు. మన సామెతలోని పాలు అతని కథలో ఈ విధముగా వచ్చినవి. అతడు పరుగెత్తి పాలు త్రాగినవాడు కాడు. పాలమ్ముకొనుచు పరుగు నేర్చినవాడు.

రెండు వారముల పాఠము

ఆ ప్రాంతముననే పాట్రిక్ సాంగ్ అను ప్రసిద్ధ క్రీడాకారుడు ఉండెడివాడు. 1992 బార్సిలోనా ఒలింపిక్ క్రీడలలో 3000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్‌లో, అనగా అడ్డుకట్టెలను, నీటి గుంటను దాటుచు సాగు పందెములో, రజత పతకము సాధించినవాడు. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయములో చదివినవాడు. 2001లో పదునారేండ్ల కిప్చోగే ఆయనను సమీపించి, తనకొక శిక్షణ పట్టిక ఇమ్మని అర్థించినాడు. సాంగ్ రెండు వారములకు సరిపడు అభ్యాసమును చెప్పి పంపినాడు. రెండు వారములు గడచినవి. బాలుడు మరల వచ్చి, చెప్పినదంతయు చేసితినని, తరువాతి పాఠము కావలెనని అడిగినాడు. మరి రెండు వారములకు మరల వచ్చినాడు. ఇట్లు కొన్ని నెలలు సాగినది.

పాఠము చెప్పుమని అడుగు విద్యార్థులు ప్రతి తరగతిలోను ఉందురు. చెప్పిన పాఠమును పూర్తిగా అప్పగించి, తరువాతి పాఠము కొరకు తలుపు తట్టువారు అరుదు. ఆ అరుదైన గుణము వలననే సాంగ్ దృష్టి ఆ బాలునిపై నిలిచినది. చాల దినముల తరువాత గాని ఆయన అతని వివరములు అడుగలేదు. అడిగిన పిమ్మట తెలిసినది: చిన్ననాట శిశుపాఠశాలలో తనకు పాఠము చెప్పిన జానెట్ రోటిచ్ కుమారుడే ఇతడు! ఆ తల్లి ఒకప్పుడు ఒక పసివానికి చెప్పిన చదువు, ఆ పసివాడు పెద్దవాడైన తరువాత ఆమె బిడ్డకే విద్యగా తిరిగివచ్చినది. ఉపాధ్యాయ వృత్తిలోని ఋణానుబంధమునకు ఇంతకంటె వేరొక నిదర్శనము అక్కరలేదు.

బాలుని చేతికి గడియారము లేకుండుట చూచి సాంగ్ తన చేతి గడియారమునే తీసి ఇచ్చినాడు. కాలముతో పందెము వేయువానికి గురువు ఇచ్చిన మొదటి పనిముట్టు అది.

2003 ఆగష్టు 31వ తేదీన పారిస్ నగరములో ప్రపంచ ఛాంపియన్ పోటీలలో 5000 మీటర్ల పందెము జరిగినది. ఆ బరిలో ఇద్దరు ఉద్దండులున్నారు. ఒకడు మొరాకో వీరుడు హిషామ్ ఎల్ గెరూజ్. ఆ పోటీలలోనే 1500 మీటర్ల స్వర్ణము గెలిచినవాడు. రెండవవాడు ఇథియోపియాకు చెందిన కెనెనీసా బెకెలె. 10,000 మీటర్ల స్వర్ణము గెలిచినవాడు. పందొమ్మిదేండ్లు నిండని కిప్చోగే ఇద్దరిని దాటి 12 నిమిషముల 52.79 సెకండ్లలో గమ్యము చేరినాడు. ఎల్ గెరూజ్ వెనుకబడినది ఒక సెకండులో నూరవ వంతులు నాలుగు మాత్రమే!

బాట మారిన వేళ

ఇల్లు అలకగానే పండుగ కాదు. పారిస్ విజయము తరువాత తొమ్మిదేండ్లపాటు కిప్చోగే ట్రాక్ మీద మరొక ప్రపంచ స్వర్ణము గెలువలేదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్ క్రీడలలో కాంస్యము, 2007 ఒసాకా ప్రపంచ పోటీలలో రజతము, 2008 బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో రజతము లభించినవి. పతకములు గౌరవనీయములే, కాని కాలము వెనుకబడుచుండెను. 2012లో లండన్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లు కెన్యా జట్టులో అతనికి స్థానమే దొరకలేదు. ఇరువది యేడేండ్ల వయస్సులో ట్రాక్ క్రీడాకారుడు తన పని ముగిసినదని తలచి ఇంటికి చేరినను ఎవరును తప్పు పట్టరు.

గురుశిష్యులు ఆ నిర్ణయము తీసికొనలేదు. ట్రాక్ వదలి రహదారికి వచ్చినారు. అదే సంవత్సరము ఫ్రాన్సులోని లిల్ నగరమున అర్ధ మారథాన్‌ను 59 నిమిషముల 25 సెకండ్లలో కిప్చోగే ముగించినాడు. 2013 ఏప్రిల్‌లో జర్మనీలోని హాంబర్గ్ నగరమున తన తొలి మారథాన్‌ను 2 గంటల 5 నిమిషముల 30 సెకండ్లలో గెలిచినాడు. ఆ శరదృతువులో బెర్లిన్‌లో, విల్సన్ కిప్సాంగ్ ప్రపంచ రికార్డు నెలకొల్పిన పందెములో, రెండవవాడైనాడు. ఆ ఓటమి తరువాత 2014 ఏప్రిల్ మొదలు 2019 ఏప్రిల్ వరకు పాల్గొన్న పది మారథాన్ పోటీలలోను వరుసగా గెలుపొందినాడు. రాటర్‌డామ్, షికాగో, లండన్, బెర్లిన్, రియో డి జనీరో: ఊరు మారినది, వాన మారినది, ఎండ మారినది, మొదట గమ్యము చేరినవాడు మారలేదు.

ఏటికి రెండు పరీక్షలు

వృత్తిగా రహదారి పరుగును చేపట్టినవాని జీవనోపాధి విచిత్రమైనది. క్రికెట్ ఆటగానికి ఈ దినము పరుగులు రాకున్న వచ్చే వారము మరొక ఆట ఉండును. మారథాన్ పరుగరి సంవత్సరమునకు రెండు మారులు, మహా అయిన మూడు మారులు మాత్రమే పోటీకి దిగగలడు. దేహము అంతకు మించి ఓర్వదు. మన పాఠశాలలోని అర్ధసంవత్సర పరీక్ష, సంవత్సర పరీక్ష వలె అతనికి ఏటికి రెండే పరీక్షలు. పోటీ నిర్వాహకులు ఇచ్చు పాల్గొను రుసుము, బహుమాన ధనము, పాదరక్షల సంస్థతో ఒప్పందము – ఇవియే అతని రాబడి. పరీక్ష నాడు కడుపులో నొప్పి వచ్చినను, కాలి కండరము పట్టివేసినను కొన్ని నెలల శ్రమ వ్యర్థమగును. తిరిగి వ్రాయుటకు వెంటనే మరొక పరీక్ష ఉండదు.

దేహధర్మము కూడ ఇందుకు తోడగును. కండరములలోను, కాలేయములోను నిలువయుండు శర్కర వేగముగా పరుగెత్తువానికి సుమారు ముప్పది కిలోమీటర్ల వరకు చాలును. అటు పిమ్మట కాళ్లు సీసమువలె బరువెక్కును. దారిలో ఐదేసి కిలోమీటర్లకు అందించు తీపి పానీయములు కొంత ఆదుకొనును. మిగిలినది అభ్యాస బలమే.

ఆ అభ్యాసము ఎట్టిదో చూడదగినది. ఎల్డోరెట్ పట్టణమునకు సమీపమున, సముద్రమట్టమునకు సుమారు 2400 మీటర్ల ఎత్తున కప్టగాట్ అను చోట శిక్షణ శిబిరమున్నది. అక్కడి గాలిలో ప్రాణవాయువు పలుచన. అందు అలవడిన ఊపిరి పల్లమున ద్విగుణ ధైర్యము నిచ్చును. ప్రపంచ ప్రఖ్యాతి పొంది, కోటీశ్వరుడైన తరువాత కూడ కిప్చోగే వారములో అధిక దినములు భార్యాబిడ్డలను విడిచి ఆ శిబిరములోనే గడిపినాడు. అక్కడ నౌకరులపై ఆధారపడు పద్ధతి లేదు. నీళ్లు తోడుట, గదులు ఊడ్చుట, మరుగుదొడ్లు కడుగుట వంతులవారీ పని. ఒలింపిక్ విజేతకును వంతు తప్పదు. ఆహారము ఉగాలి అను మొక్కజొన్న పిండి ముద్ద. మన రాయలసీమ సంకటికి అది దాయాది. దానితో ఆకుకూర, పాలు, తేనీరు.

వారమునకు రెండు వందల కిలోమీటర్లకు పైగా పరుగు. మంగళవారము ట్రాక్ మీద వేగము, గురువారము ముప్పదియో నలుబదియో కిలోమీటర్ల సుదీర్ఘ ప్రయాణము, శనివారము వేగమును హెచ్చించి తగ్గించు అభ్యాసము. అయినను శిక్షణలో తన శక్తినంతయు ఎన్నడును వెచ్చించనని, నూటికి ఎనుబది పాళ్లు మాత్రమే వాడి మిగిలినది పోటీ దినమునకు దాచుకొందునని అతడు పలుమారులు చెప్పినాడు. పరీక్ష ముందు రాత్రి తెల్లవార్లు మేలుకొని చదువు విద్యార్థులు ఈ మాటను గమనింపవలెను.

2003 నుండి తాను చేసిన ప్రతి దినపు అభ్యాసమును అతడు నోటుపుస్తకములలో చేతితో వ్రాసిపెట్టినాడు. ఎంత దూరము, ఎంత కాలము, దేహమెట్లున్నది – ఇవియే అందలి సంగతులు. నియమము గలవాడే స్వతంత్రుడు, నియమము లేనివాడు తన కోరికలకు బానిస అని అతడు చెప్పుచుండు భావము. ఆ నోటుపుస్తకములే దానికి సాక్ష్యము.

రెండు గంటల గోడ

2015లో బెర్లిన్ పోటీ సాగుచుండగా అతని పాదరక్షల లోపలి అట్టలు ఊడి, చీలమండల ప్రక్క రెక్కలవలె బయటికి వ్రేలాడినవి. పాదములు బొబ్బలెక్కినవి, నెత్తురు కారినది. అతడు ఆగలేదు, 2 గంటల 4 నిమిషములలో గెలిచినాడు. మూడేండ్ల తరువాత, 2018 సెప్టెంబరు 16వ తేదీన, అదే బెర్లిన్‌లో 2 గంటల 1 నిమిషము 39 సెకండ్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పినాడు. అంతకు ముందు డెన్నిస్ కిమెట్టో పేరనున్న రికార్డుకంటె అది 78 సెకండ్లు తక్కువ. వేగము చూపు తోడుపరుగరులు 25 కిలోమీటర్ల నాటికే అలసి తప్పుకొనగా, చివరి పదునేడు కిలోమీటర్లు అతడు ఒంటరిగా పరుగెత్తినాడు. రెండవ సగమును మొదటి సగముకంటె త్వరగా ముగించుట అందలి మరొక విశేషము.

ఇక మిగిలినది రెండు గంటల గోడ. 1954 మే 6వ తేదీన ఇంగ్లండులో రోజర్ బానిస్టర్ నాలుగు నిమిషములలోపున మైలు దూరము పరుగెత్తినాడు. 2017లో అదే మే 6వ తేదీన ఇటలీలోని మోంజా మోటారు పందెముల దారిలో కిప్చోగే మారథాన్ దూరమును 2 గంటల 25 సెకండ్లలో ముగించినాడు. ఇరువది యారు సెకండ్లు తగ్గియున్న గోడ కూలియుండెడిది. 2019 అక్టోబరు 12వ తేదీన ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని ప్రాటర్ ఉద్యానవనమున ఆ గోడ కూలినది: 1 గంట 59 నిమిషముల 40 సెకండ్లు! మారథాన్ దూరమును రెండు గంటలలోపున పరుగెత్తిన తొలి మానవుడు అతడే.

ఈ సంఖ్య అర్థము కావలెనన్న పాఠశాల మైదానమునకు పోవలెను. నూరు మీటర్లను పదునేడు సెకండ్లలో పరుగెత్తు బాలుడు ఫర్వాలేదనిపించుకొనును. అదే వేగముతో, నడుమ ఒక్క క్షణమైనను ఆగక, నాలుగు వందల ఇరువది రెండు మారులు ఆ నూరు మీటర్లను పరుగెత్తినచో వియన్నా పరుగగును.

అయినను న్యాయదృష్టితో మరొక మాట చెప్పవలసియున్నది. వియన్నా పరుగు పోటీ కాదు, ప్రయోగము. నలుబదియొక్కమంది తోడుపరుగరులు వంతులవారీగా చుట్టుకొని గాలిని ఆపినారు. ముందు సాగు మోటారు బండి నేలపై కాంతి రేఖలతో వేగమును చూపినది. ఈ కారణములచే క్రీడాధికారులు దానిని రికార్డుగా పరిగణింపలేదు. కిప్చోగే బృందమునకు ఆ సంగతి ముందే తెలియును. మెత్తని నురుగు అడుగుతో, దాని నడుమ కర్బనపు రేకుతో తయారైన నూతన పాదరక్షలును వివాదమునకు గురియైనవి. 2020లో ప్రపంచ అథ్లెటిక్ సంస్థ అడుగు మందము 40 మిల్లీమీటర్లు మించరాదని, ఒక రేకుకంటె ఎక్కువ ఉండరాదని నియమము విధించినది. పనిముట్టు గొప్పతనమెంత, పనివాని గొప్పతనమెంత అన్న ప్రశ్న న్యాయమైనదే. కాని అట్టి పాదరక్షలు ఇతరులకును అందిన తరువాత, 2021 ఆగష్టు 8వ తేదీన జపానులోని సప్పోరో నగరపు ఉక్కపోతలో ఒలింపిక్ మారథాన్ జరిగినది. కిప్చోగే 2 గంటల 8 నిమిషముల 38 సెకండ్లలో, రెండవవానికంటె 80 సెకండ్లు ముందుగా గెలిచినాడు. 2016 రియో స్వర్ణమునకు ఇది తోడు. వరుసగా రెండు ఒలింపిక్ మారథాన్లు అంతకుముందు గెలిచినవారు ఇథియోపియా వీరుడు అబెబె బికిలా, తూర్పు జర్మనీకి చెందిన వాల్డెమార్ సియర్పిన్‌స్కీ – ఇరువురే.

ఓడలు బండ్లయిన నాడు

2022 సెప్టెంబరులో బెర్లిన్ నగరమున తన రికార్డును తానే సవరించి 2 గంటల 1 నిమిషము 9 సెకండ్లకు దించినాడు. అప్పటికి వయస్సు ముప్పది యేడు. ఆ తరువాతి ఘట్టము వేరు. 2023 ఏప్రిల్‌లో బోస్టన్ కొండదారిలో ఆరవవాడైనాడు. అదే యేడు అక్టోబరు 8వ తేదీన షికాగోలో ఇరువది మూడేండ్ల కెన్యా యువకుడు కెల్విన్ కిప్టుమ్ 2 గంటల 35 సెకండ్లలో పరుగెత్తి ఆ రికార్డును దాటినాడు. వృద్ధసింహమునకు, యువసింహమునకు పోటీ ఎట్లుండునోయని లోకము ఎదురుచూచినది. ఆ పోటీ జరుగలేదు. 2024 ఫిబ్రవరి 11వ తేదీ రాత్రి కప్టగాట్ సమీపమున జరిగిన మోటారు ప్రమాదములో కిప్టుమ్, అతని శిక్షకుడు గెర్వే హకిజిమానా మరణించినారు.

దుఃఖమునకు తోడు దుర్మార్గమొకటి జరిగినది. ఆ మరణములో కిప్చోగేకు చేయి ఉన్నదని, ఏ ఆధారము లేని అపవాదు సామాజిక మాధ్యమములలో వ్యాపించినది. బెదిరింపులు వచ్చినవి. చాలమంది స్నేహితులు దూరమైనారు. సైకిళ్లపై బడికి పోవు పిల్లలను ఆపి, తామే దిగబెట్టి, సాయంకాలము తామే తీసికొనివచ్చు పరిస్థితి ఆ కుటుంబమునకు ఏర్పడినది. పల్లెలోనున్న వృద్ధమాత జాగ్రత్తగా ఉండుమని కుమారునికి చెప్పి పంపవలసి వచ్చినది. నలుబది రెండు కిలోమీటర్ల దారిలో ఎన్నడును తడబడని మనిషిని నలుగురి నోటి మాట తడబడజేసినది. ఆ దినములలో జరిగిన టోక్యో పోటీలో అతడు పదవవాడైనాడు.

2024 ఆగష్టు 10వ తేదీన పారిస్ ఒలింపిక్ మారథాన్‌లో, మూడవ స్వర్ణమును ఆశించి దిగినవాడు, నడుము నొప్పిచే వెనుకబడి, ముప్పది కిలోమీటర్లు దాటిన పిమ్మట నడచి, చివరకు ఆగిపోయినాడు. మారథాన్‌ను ముగింపలేకపోవుట అతనికి అదే ప్రథమము. దారి ప్రక్కన నిలిచిన ప్రేక్షకులకు తన పాదరక్షలు ఇచ్చివేసి వెళ్లినాడు. ఏ నగరమున 2003లో కీర్తి మొదలైనదో, ఆ నగరముననే ఇరువది యొక్క సంవత్సరముల పిమ్మట ఓటమి కూడ ఎదురైనది.

అయినను అతడు పరుగు మానలేదు. 2025లో లండన్‌లో ఆరవ స్థానము, సిడ్నీలో తొమ్మిదవ స్థానము పొందినాడు. నవంబరులో న్యూయార్క్‌లో 2 గంటల 14 నిమిషముల 36 సెకండ్లకు పదునేడవవాడుగా గమ్యము చేరినాడు. ఆ పిమ్మట ఏడు ఖండములలో ఏడు మారథాన్లు పరుగెత్తెదనని ప్రకటించినాడు. 2021లో తన పేర స్థాపించిన ధర్మసంస్థ ద్వారా విద్యకు, పర్యావరణ రక్షణకు పాటుపడ పూనినాడు.

రికార్డు అనునది అద్దె ఇల్లు వంటిది. ఎవడును అందులో శాశ్వతముగా నివసింపడు. కిమెట్టో ఖాళీ చేసిన ఇంటికి కిప్చోగే వచ్చినాడు, కిప్చోగే ఖాళీ చేయగా కిప్టుమ్ వచ్చినాడు. పదిమారులు వరుసగా మొదటివాడైన మనిషి పదునేడవవాడుగా గమ్యరేఖను దాటుటకు సిగ్గుపడకుండుట యెట్లు సాధ్యమైనది? ఫలితమును మాత్రమే లెక్కించు విద్యార్థికి ఇది అసాధ్యము. పదునారవ యేట రెండు వారములకొకమారు గురువు వద్దకు వచ్చి, చెప్పినది చేసితిని, తరువాతి పాఠమేదియని అడిగినవానికి మాత్రము ఇది సహజము. వానికి మార్కులకంటె పాఠము ముఖ్యము.

మన తరగతి గదులలో వెనుక బల్లపై కూర్చున్న ఏ బాలుడు ఎవరి గురువగునో, నేడు చెప్పిన అక్షరము ఏ రూపమున ఎవరి ఇంటికి తిరిగి వచ్చునో చెప్పజాలము. కప్సిసియ్వా శిశుపాఠశాలలో జానెట్ రోటిచ్ కూడ ఆ సంగతి ఎరుగదు. ఆమె తన పాఠము తాను చెప్పినది, అంతే.